ఉస్తాద్ ఫెయిల్ చేసిన నీలి తంగూసు

దుకాణం కౌంటర్ వెనక కొత్తగా నిలబడిన పిల్లలెవరైనా నన్ను సలహా అడిగితే, నవ్వుతూ మాట్లాడండి, చిల్లర సరిగ్గా ఇవ్వండి అని చెప్పను. అవన్నీ మీ సేఠ్ ఎలాగూ చెబుతాడు. నా దగ్గర చెప్పదగ్గ సంగతి ఒక్కటే ఉంది. అది మా దుకాణం వెనక గోదాములో, లైటు ఆర్పేసిన చీకట్లో జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. అసలే నాకు ఫికర్ పుట్టుకతో వచ్చిన జబ్బు. మెదక్‌లో మా అమ్మ చర్చికని బయల్దేరి, గేటు దాకా వెళ్లి, తాళం పడిందో లేదోనని వెనక్కి వచ్చి లాగి చూసి మళ్లీ బయల్దేరేది. నేను ఆమె కూతుర్ని.

మా దుకాణం ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఒక సందు మొదట్లో ఉండేది. గాలాలు, రాడ్లు, రీళ్లు, బెండ్లు, వలలు, తాళ్లు అమ్మేవాళ్లం. సముద్రం లేని ఊళ్లో ఇవన్నీ ఎవరు కొంటారని నన్ను మా చుట్టాలు పెళ్లిళ్లలో కూడా అడిగేవాళ్లు. కొంటారు. హైదరాబాదులో గాలం పిచ్చి ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో గల్లా మీద కూర్చున్నదాన్ని నాకు తెలుసు. డాక్టర్లు, ఆటో డ్రైవర్లు, రిటైరైన ఇంజినీర్లు, కోఠిలో బట్టల దుకాణాల వాళ్లు, అందరూ మా దగ్గరకొచ్చేసరికి ఒకే రకం మనుషులైపోయేవాళ్లు. పట్టిన చేప కంటే తప్పించుకున్న చేప గురించి ఎక్కువ మాట్లాడే రకం.

ఆ దుకాణానికి ప్రాణం సేఠ్ కాదు, నేనైతే అసలే కాదు. ఉస్తాద్. మూసీ మీది అఫ్జల్‌గంజ్ పుల్ అవతల పాత ఇంట్లో ఉండేవాడు. సేఠ్ తండ్రి కాలం నుంచి పనిచేస్తున్నాడు. నైలాను తీగను మా ఊళ్లో తంగూసు అంటారు. గాలిపటాల పిల్లలకూ చేపల వాళ్లకూ అదే మాట. ఆ తంగూసును రీలుకు చుట్టడం, ముడి వేయడం ఉస్తాద్ పని. ఆయన వేసిన ముడి ఊడిందని ఫిర్యాదు చేయడానికి వచ్చినవాణ్ని నేను చూడలేదు. అందరికీ ఉస్తాదే. నాకు మాత్రం అన్న. నేను చేరిన కొత్తలో ఒక తాగుబోతు గిరాకీ నా మీద అరిస్తే, చేతిలో ఉన్న రాడ్‌ను కింద పెట్టకుండానే వాణ్ని మెట్ల దాకా నడిపించాడు. ఆ రోజు నుంచి అన్న.

ఇప్పుడు మా పద్ధతి ఒకటి చెప్పాలి. రాత్రిపూట చేపలు పట్టేవాళ్లకు మామూలు తంగూసు పనికిరాదు, చీకట్లో కనబడదు. వాళ్లకు వెలుగు తంగూసు వేరే వస్తుంది. దాని మీద ఊదారంగు లైటు వేస్తే మెరుస్తుంది. ఒకసారి గాలం క్లబ్బు వాళ్లు కుటుంబాలతో రమ్మంటే నేను కూడా ఊరి బయట చెరువుకు వెళ్లాను. కోస్తా నుంచి పిల్లల్ని తెచ్చి వదిలి, పండుగప్పలు పెంచే ప్రైవేటు చెరువు అది. పొద్దుగూకగానే గట్టు మీద ఊదా లైట్లు పెట్టారు. రాడ్ చివర నుంచి నీళ్ల దాకా పచ్చటి గీత. గీత తప్ప ఇంకేమీ కనబడదు, మనిషి కూడా. పండుగప్ప ఎర అందుకుంటే రాడ్ వంగేకంటే ముందే ఆ గీత ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు చూసినవాడిదే చేప. అన్న నా పక్కనే నిలబడి, రాడ్ పట్టుకున్న మనిషికంటే ముందు, "గదిగో, కొట్టింది!" అని అరుస్తున్నాడు.

గాలం కట్టే చివరి మూరెడు మాత్రం మెరవని తీగ వేస్తారు. ఎందుకని అడిగాను.

"మనిషికి కనవడాలె, చేపకు కనవడొద్దు. మొత్తం యాపారం గంతే చెల్లె," అన్నాడు అన్న.

అందుకే వెలుగు తంగూసు కొత్త మాల్ ఏది వచ్చినా ముందు గోదాముకు పోయేది. అన్న ఒక ఉండ విప్పి రెండు అరమరల మధ్య లాగి కట్టేవాడు. తలుపు మూసి, బల్బు ఆర్పి, ఊదా లైటు వేసేవాడు. బయటికొచ్చి పాస్ అంటే పాస్, ఫెయిల్ అంటే ఫెయిల్. సేఠ్ మళ్లీ అడిగేవాడు కాదు. డబ్బా మీద ఏ దేశం పేరున్నా, ఏ కంపెనీ ముద్రున్నా మా దగ్గర చెల్లేది ఒక్క మనిషి కన్ను.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక నీలి తంగూసు వచ్చింది. అప్పటిదాకా మేం అమ్మింది పచ్చది. పచ్చది పగటిపూట కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, తేట నీళ్లలో చేప బెదురుతుంది. కొత్తది పగలు చూస్తే గాజులా ఉంటుంది, రాత్రి ఊదా లైటు కింద మాత్రమే నీలంగా వెలుగుతుందని కంపెనీ ఏజెంటు చెప్పాడు. విజయవాడ మనిషి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. క్లబ్బు వాళ్లు విని ఎగిరి గంతేసి, తమ రాత్రి పోటీకి అదే కావాలన్నారు. సేఠ్ పెద్ద పార్సిలే తెప్పించాడు.

అన్న గోదాములోకి పోయాడు. ఆయనతో మా సేల్స్‌మన్, పార్సిళ్లు కట్టే మనిషి కూడా పోయారు. సేల్స్‌మన్ పిల్లవాడేం కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి. అయినా మా దుకాణంలో అన్న తర్వాత పుట్టినవాళ్లంతా చిన్నవాళ్లే.

కాసేపటికి అన్న విసురుగా బయటికొచ్చాడు.

"ఫెయిల్ సేఠ్. ఏం మెరుస్తలేదు. సాదా తంగూసుకు కొత్త డబ్బా తొడిగిన్రు. దొంగ మాల్."

"మీరేమంటరు?" అని సేఠ్, పెద్ద పార్సిల్ కదా, ఎన్నడూ లేనిది వెనక వచ్చిన ఇద్దరినీ అడిగాడు.

"ఔ సేఠ్, మెరుస్తలేదు," అన్నారు ఇద్దరూ.

సేఠ్ అప్పటికప్పుడు ఫోన్ తీసి ఏజెంటును నానా మాటలూ అన్నాడు. పార్సిల్ తిప్పి పంపించాం. ఏజెంటు ఊరుకోలేదు. తమ మాల్ మీద అలాంటి మాట ఎక్కడా రాలేదని, తనే వచ్చి అందరి ముందూ వెలిగించి చూపిస్తానని, అప్పుడు కూడా మెరవకపోతే తన ఉద్యోగం మానేస్తానని అన్నాడు. సేఠ్ ఫోన్ స్పీకరు మీద పెట్టాడు కాబట్టి మేమంతా విన్నాం. క్లబ్బు వాళ్లు ఇద్దరు కౌంటర్ దగ్గరే ఉన్నారు. అన్నకు రోషం ముంచుకొచ్చింది.

"గా తంగూసు మెరిసిందని తేలితె, నేను మళ్ల గీ దుకాణంల కాలు పెట్ట. ఒట్టు," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అన్న ఒట్టు సంగతి నాకు తెలుసు. ఎప్పుడో పెళ్లిలో పిలుపు దగ్గర మాటామాటా వచ్చి, బామ్మర్ది ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని అన్నాడట. ఆ బామ్మర్ది కాళ్లు పట్టుకున్నా ముట్టలేదు. కానీ అప్పటికి నా భయం ఆయన మొండితనం గురించే. మాల్ దొంగదే అయితే ఒట్టు వల్ల వచ్చే నష్టమేముంది అని సర్దిచెప్పుకున్నాను.

రెండు మూడు రోజుల తర్వాత సేల్స్‌మన్ మధ్యాహ్నం గంట సేపు కనబడలేదు. తిరిగొచ్చి గల్లా దగ్గర నిలబడి గోళ్లు కొరుకుతున్నాడు.

"ఏంది, ఏమైంది?" అని అడిగాను.

"అక్కా, ఎవ్వరికి చెప్పనంటె చెప్త. ఆబిడ్స్‌ల అద్దాల దుకాణంల కండ్లు టెస్ట్ చేయించుకొనొచ్చిన."

"నీ కండ్లకేమైంది?"

"గదే అక్కా, ఏం కాలేదంట. మంచిగున్నయంట. మరి నాకు గా నీలి తంగూసు మెరిసినట్టు ఎందుకు కనవడ్డది?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గల్లా పెట్టె గట్టిగా మూశాను.

"నీకు కనవడ్డదా? మరి సేఠ్ అడిగినప్పుడు మెరుస్తలేదని ఎందుకన్నవ్?"

"ఉస్తాద్ మెరుస్తలేదన్నడు గదక్కా. ఆయన లేదన్నంక నేనెట్ల ఉందంట? నా కండ్లే ఖరాబైనయనుకున్న. రాత్రి నిద్ర పట్టలె. మా ఆమెను గూడ ఫికర్ పెట్టిన."

పార్సిళ్ల మనిషిని పిలిచి అడిగాను. ఆయన మొదట తల గోక్కున్నాడు. "మెరిసిందమ్మా, మస్తు మెరిసింది," అన్నాడు చివరకు. "నాకేం తెల్సు, గట్ల నీలంగ మెరిస్తె మెరవనట్టే లెక్కేమో అనుకున్న."

ఇదీ మా దుకాణం. ముగ్గురు మనుషులు ఒకే చీకటి గదిలో నిలబడి, ఇద్దరు తమ కళ్లను కాదని మూడో ఆయన మాటను చూసి వచ్చారు. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ రెండింటినీ తోసుకుని భయం వచ్చింది. నమూనా ఉండ ఒకటి గోదాములో మిగిలి ఉంది. అన్న పక్క హోటల్‌కు చాయ్‌కని వెళ్లిన సమయం చూసి నేను లోపలికి పోయాను. తీగ కట్టి, బల్బు ఆర్పి, ఊదా లైటు వేశాను. నీలంగా, చల్లగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత గీసినట్టు వెలిగింది. చూడకపోవడం ఎవరి వల్లా కాదు. బియ్యం బస్తా లాంటి వలల మూట మీద కూర్చుండిపోయాను.

అన్న అబద్ధం ఆడే మనిషి కాదు. అంటే అన్నకు నిజంగానే కనబడలేదు.

అక్కడి నుంచి నేను చూసినవన్నీ వేరే రకంగా కనబడ్డాయి. కొంతకాలంగా ఆయన ఊదా లైటును తిడుతున్నాడు, దీనికి దమ్ము లేదు, బ్యాటరీలు మార్చమని. ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు కళ్లలో పగులుతున్నాయని అంటున్నాడు. చాయ్ కప్పు అందుకునేటప్పుడు ముందు బల్ల మీద వేళ్లు నడిపిస్తున్నాడు. ఇన్నాళ్లూ మాకు అనుమానం రాకపోవడానికి కారణం ఆ ముడులే. ఆయన ముడి వేళ్లతో వేస్తాడు, కళ్లతో కాదు. కాబట్టి పనిలో ఎక్కడా తేడా లేదు.

సాయంత్రం అన్న భార్యకు, అంటే మా వదినకు, ఫోన్ చేశాను. అటూ ఇటూ మాట్లాడి, అన్న కళ్లు ఎట్లున్నాయని అడిగాను.

"పొద్దుగూకినంక గోడకు చెయ్యి పెట్టుకొని నడుస్తున్నడు," అంది వదిన. "అడిగితె కోపం. నువ్వన్న చెప్పరాదు?"

ఆ మనిషి రోజూ చీకటి పడ్డాక స్కూటర్ మీద మొజంజాహీ మార్కెట్ ముందు నుంచి, ఆ బస్సుల మధ్య, మూసీ పుల్ దాటి ఇంటికి పోతున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఇల్లు చేరిందాకా నాకు అన్నం సహించలేదు. వదినకు మిస్డ్ కాల్ ఇమ్మని చెప్పాను. ఆ కాల్ ఆలస్యమైన రోజు మా ఇంట్లో వాళ్లంతా నా మొహం చూసి భయపడేవాళ్లు.

ఇక చెప్పక తప్పదని ఒక రోజు దుకాణం మూసే వేళ అన్నను ఐస్‌క్రీమ్ తిందామని మార్కెట్ దాకా తీసుకుపోయాను. సీతాఫలం ఐస్‌క్రీమ్ చేతిలో పెట్టాక మెల్లగా అన్నాను.

"అన్నా, ఒక్కసారి కండ్లు చూపిచ్చుకోరాదె?"

"ఎందుకు?"

"వయసైతంది గదన్నా. ఊరికెనే."

ఆయనకు తెలివి తక్కువేం కాదు. చెంచా ఆపేశాడు. "గా నీలి తంగూసు ముచ్చటేనా? నా కన్ను మీదికొస్తున్నవా చెల్లె? నువ్వు పుట్టకముందు కెల్లి తంగూసు చూస్తున్న నేను." కప్పు అక్కడే గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారం పాటు నాతో మాట్లాడలేదు. కావలసిన సామాను పేరు కూడా సేల్స్‌మన్ చేత చెప్పించేవాడు.

ఏజెంటు వచ్చే రోజు ఖాయమైంది. నాకు రెండు భయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నిజం తేలితే అన్న ఒట్టు ప్రకారం దుకాణం వదిలి పోతాడు. పోయి ఇంట్లో తలుపేసుకుని, ఏ డాక్టరుకూ చూపించుకోకుండా ఆ గోడ పట్టుకుని నడుస్తూనే ఉంటాడు. నిజం తేలకపోతే స్కూటర్ నడుపుతూనే ఉంటాడు. ఏది జరగాలని ప్రార్థన చేయాలో కూడా తెలియక, ఆ ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని ఊరికే కూర్చున్నాను.

ఏజెంటు వచ్చే రోజు పొద్దున, అతను రాకముందే సేఠ్‌కు చెప్పాను.

"సేఠ్, మాల్ మంచిదే. అన్నకు కండ్లు కనవడ్తలేవు. గిదంతా అందరి ముందట వద్దు."

సేఠ్ నవ్వాడు. "నీకు ప్రతిదానికి ఫికరేనమ్మా. మొన్న వానకు గోడ కూలుతదన్నవ్, కూలిందా? ఉస్తాద్ కన్ను గద్ద కన్ను." నిజమే, గోడ కూలుతుందని అన్నాను. ఎప్పుడూ భయపడేవాళ్లకు ఇదే నష్టం, అసలైన భయం వచ్చిన రోజున ఎవరూ నమ్మరు.

సాయంత్రం ఏజెంటు వచ్చాడు. క్లబ్బు వాళ్లిద్దరూ వచ్చారు. ఏజెంటు గోదాములోకి ముందే వెళ్లి, నీలి తంగూసును అరమర నుంచి అరమరకు ఛాతీ ఎత్తున అడ్డంగా కట్టాడు. తలుపుకు ఎదురుగా, అవతలి గోడ దగ్గర ఊదా లైటు పెట్టాడు. మేమంతా లోపలికి పోయి గోడ వారగా నిలబడ్డాం. అన్న అందరికంటే చివర వచ్చి తలుపు మూశాడు.

"బల్బు ఆర్పండి సార్," అన్నాడు ఏజెంటు.

బల్బు ఆరింది. ఊదా లైటు వెలిగింది. గది మధ్యలో నీలి గీత. క్లబ్బు వాళ్లలో ఒకాయన, "అరె వాహ్," అన్నాడు గొంతులోనే. సేఠ్ ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది.

"ఏదయ్యా, కట్టు మరి," అన్నాడు అన్న.

"కట్టానండీ," అన్నాడు ఏజెంటు అయోమయంగా.

"ఏడ కట్టినవ్? గీడ ఏం లేదు. నీ లైటుకే దమ్ము లేదు, ఆగు, నేను చూస్త." అంటూ అన్న లైటు వైపు నడిచాడు. నేను అన్నా అని పిలవబోయాను. అంతలోనే అందరి కళ్లకూ కొట్టొచ్చినట్టు వెలుగుతున్న తీగ మీదికి ఆయన తిన్నగా నడిచిపోయాడు. అది ఛాతీకి తగిలి సాగింది. అరమర మీది బెండ్ల డబ్బా ఒకటి కింద పడి గదంతా దొర్లింది.

అన్న ఆగిపోయాడు. చెయ్యి ఎత్తి ఛాతీ మీద ఉన్నదాన్ని తడిమాడు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఒక పక్కకు అరమర దాకా, మళ్లీ ఇంకో పక్కకు అరమర దాకా నడిపించాడు. నీలి వెలుగు మీద ఆయన వేళ్లు నల్లగా కదలడం మేం చూస్తున్నాం.

"చెల్లె," అన్నాడు. వారం తర్వాత నన్ను పిలవడం అదే. "గిది మెరుస్తందా?"

అబద్ధం చెబితే బాగుండుననిపించింది. నిజంగా అనిపించింది.

"మెరుస్తంది అన్నా," అన్నాను.

సేఠ్ బల్బు వేశాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పాపం, అందరికంటే ఎక్కువ ఆ ఏజెంటు చితికిపోయాడు. "నేను ఇలా అనుకోలేదండీ, సత్యప్రమాణంగా అనుకోలేదండీ," అని సేఠ్ చెయ్యి పట్టుకుని అంటూనే ఉన్నాడు. అన్న తన టిఫిన్ డబ్బా తీసుకుని, చెప్పులు వేసుకుని, స్కూటర్ తాళం చెవి గల్లా బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు.

నేను గల్లా సేఠ్‌కు వదిలేసి వెనకే పరుగెత్తాను. సందు చివర, నాంపల్లి రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. అప్పుడే చీకటి పడుతోంది. బస్సులు, ఆటోలు, స్టేషన్‌కు పరుగెత్తే జనం. ఆయన ఒక అడుగు వేస్తాడు, వెనక్కి తీసుకుంటాడు, మళ్లీ వేస్తాడు. ఆ మనిషి నన్ను ఎన్నిసార్లో ఆ రోడ్డు దాటించాడు. పోయి చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంటాడనుకున్నాను.

"చెల్లె, నాకు భయమైతంది," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆటో ఆపి, ఇంటి దాకా దిగబెట్టి, పొద్దున్నే వచ్చి కంటి దవాఖానకు తీసుకుపోతానని వదినకు చెప్పి వచ్చాను.

దవాఖానలో కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు, మళ్లీ చుక్కలు వేశారు, ఏవేవో యంత్రాల ముందు గడ్డం పెట్టమన్నారు. వదిన కొంగు నోటికి పెట్టుకుని ఒక మూల, నేను ఒక మూల. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపికగా చెప్పింది. రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరి గోధుమరంగుకు తిరిగాయట. అలాంటి పొర నీలి వెలుగును లోపలికి రానివ్వదట, పచ్చటి వెలుగును కొంత రానిస్తుందట. అందుకే పాత తంగూసు కనబడింది, కొత్తది కనబడలేదు. ఇంతవరకూ నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఆమె ఇంకో మాట చెప్పింది. ఎడమ కంటికి గ్లాకోమా, అదే నీటికాసుల జబ్బు, కూడా ఉంది, కంటి నరం చాలావరకు ఎండిపోయింది. కుడికన్ను ఆపరేషన్‌తో బాగవుతుంది. ఎడమ కంట్లో పోయిన చూపు పోయినట్టే, మిగిలింది మందులతో కాపాడుకోవాలి.

"ఇంకొంచెం ముందు రావాల్సింది పెద్దాయనా," అంది.

"నాకు మంచిగనే కనవడ్తుండె డాక్టరమ్మా," అన్నాడు అన్న. "మంచిగనే కనవడ్తుందనుకున్న." వాదించడానికి చెప్పిన మాట కాదది. నిజంగా ఆశ్చర్యపోతున్నాడు.

కుడికంటికి ఆపరేషన్ చేశారు. ఆ పొద్దున్నుంచి కట్టు విప్పిందాకా నా సంగతి ఏం చెప్పను. ఒక్క కన్నే మిగిలింది కదా, అదీ దక్కకపోతే అనే ఆలోచన గల్లాలో డబ్బు లెక్కపెడుతున్నప్పుడు వచ్చేది, నేను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని. కన్ను దక్కింది. వదిన ఫోన్ చేసి, "ఆకాశం గింత నీలంగుంటదా అని కిటికీ కాడనే కూసున్నడు," అని చెప్పింది.

కానీ దుకాణానికి రాడు. ఒట్టు ఒట్టే అంటాడు. సేఠ్ పళ్లు తీసుకుని ఇంటికి వెళ్లాడు, నేనూ వెళ్లాను. సేఠ్ వ్యాపారస్తుడు కదా, దారంతా ఆలోచించుకుని ఒక మెలిక తెచ్చాడు.

"ఉస్తాద్, మెరిస్తె కాలు పెట్టనన్నవ్. నీకు మెరవనే లేదు గద. మరి ఒట్టు ఎట్ల చెల్లుతది?"

"ఇప్పుడు చూస్తె మెరుస్తది గద సేఠ్," అన్నాడు అన్న. "గప్పుడు చెల్లుతది."

చాయ్ తెచ్చిన వదిన గ్లాసులు కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒట్టు పెట్టింది పాత కన్ను. దాన్ని డాక్టరమ్మ తీసి పారేసింది. కొత్త కన్ను ఏం ఒట్టు పెట్టలే. పొద్దుగాల లేసి పనికి పో. ఇంట్ల కూసొని నా వంటల రంగు బాగలేదంటె నేను ఊకోను."

అన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు, రెండూ అనుకుంటాను.

వారం తర్వాత బస్సులో వచ్చాడు. స్కూటర్‌ను అమ్మేయమని తనే సేఠ్‌తో అన్నాడు. ఆ రోజు గోదాములో ఇంకో కంపెనీ వెలుగు తంగూసు కొత్తగా వచ్చి ఉంది, ఎవరూ విప్పలేదు. విప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. సేఠ్ తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటించాడు. అన్న ఒక ఉండ తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మేం బయట నిలబడ్డాం. ఆయన ఎంతకూ రాలేదు. కనబడలేదేమో, కూలబడిపోయాడేమోనని నా ప్రాణం కొట్టుకుంటోంది. తలుపు తోద్దామని చెయ్యి వేసేసరికి ఆయనే తెరిచాడు. మొహంలో ఏమీ తెలియడం లేదు. పాస్ అనలేదు, ఫెయిల్ అనలేదు.

"నువ్వు రా," అని సేల్స్‌మన్‌ను పిలిచాడు. నేనూ వెనకే దూరాను. తలుపు మూసి, బల్బు ఆర్పి, ఊదా లైటు వేశాడు.

"ఏం కనవడ్తంది? చెప్పు."

ఆ మసక వెలుగులో సేల్స్‌మన్ తల తీగ వైపు కాకుండా అన్న వైపు తిరగడం నేను చూశాను. ఏ జవాబు చెప్పాలో అక్కడ వెతుక్కుంటున్నాడు. అన్నకు ఆ తల తిరగడం కనబడింది.

"నా మొకం ఏం జూస్తవ్‌రా," అన్నాడు. "తంగూసు జూడు."